నాలుగైదు పశువుల పాకలో మేత లెక్క ఎలా వేసుకోవాలి

పాలు తగ్గాయనగానే చాలామంది చెయ్యి దాణా బస్తా మీదికే పోతుంది. ఇంకో డబ్బా ఎక్కువ వేస్తారు, రెండు రోజులు పాలు పెరిగినట్టే అనిపిస్తుంది, వారం తిరిగేసరికి మళ్ళీ మామూలే, బస్తా మాత్రం ముందే అయిపోతుంది. ముందు గడ్డి సరిచేయండి, తర్వాత దాణా కొలవండి, ఆ కొలత కూడా పాకలో ఉన్న అన్నిటికీ ఒకటే కాకుండా దేని పాలకు తగ్గట్టు దానికి వేయండి. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే, కింద రాసిందంతా దాన్ని ఎలా చేయాలన్నదే. వంద పశువులున్న డెయిరీలో ఇది కష్టం. నాలుగైదు ఉన్న ఇంట్లో ఏది ఎంత తింటోందో, ఏది మిగులుస్తోందో రోజూ కళ్ళముందే కనపడుతుంది కాబట్టి మనకే సులువు.

లెక్కలన్నీ కోస్తా జిల్లాల్లో మామూలుగా ఉండే పాకని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. రెండు మూడు గ్రేడెడ్ ముర్రా గేదెలు, ఒకటో రెండో జెర్సీ లేదా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు, వాటి దూడలు, వాములో వరిగడ్డి. తెలంగాణలో, రాయలసీమలో జొన్న చొప్ప, మొక్కజొన్న చొప్ప, వేరుశనగ కట్టె ఎక్కువ దొరికే ఊళ్ళలో ఎండుమేత మారుతుంది, పద్ధతి మారదు.

ముందు పశువు బరువు తెలియాలి

కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ టేపు పెట్టి అంగుళాల్లో కొలవండి. తర్వాత భుజం ముందు మొన నుంచి తోక పక్కన ఉండే పిర్ర ఎముక దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 70 అంగుళాలు, పొడవు 60 అంగుళాలు ఉన్న గేదె సుమారు 445 కిలోలు. అటూ ఇటూ కొన్ని కిలోలు తేడా వచ్చినా మేత లెక్కకి ఇది సరిపోతుంది. పొద్దున్నే, మేత వేయకముందు, నాలుగు కాళ్ళూ సమానంగా పెట్టి నిలబడ్డప్పుడు కొలవండి.

పాలిచ్చే పశువు రోజుకి తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం ఎండు పదార్థం తినాలి. ఎండు పదార్థం అంటే మేతలోంచి నీళ్ళు తీసేస్తే మిగిలేది. పచ్చగడ్డిలో నూటికి 80 వంతులు నీళ్ళే, అంటే 25 కిలోల నేపియర్ గడ్డి వేస్తే నిజంగా పొట్టలోకి పోయేది 5 కిలోలు. వరిగడ్డి, దాణా అయితే నూటికి 90 వంతులు ఎండు పదార్థమే. ఈ తేడా తెలియకపోతే పెద్ద మోపు పచ్చగడ్డి వేశాం కదా, కడుపు నిండి ఉంటుందిలే అనుకుంటాం. నిండదు.

ఇప్పుడు 450 కిలోల గేదె, రోజుకి 8 లీటర్లు ఇస్తోంది అనుకోండి. పచ్చగడ్డి 25 కిలోలు, వరిగడ్డి 4 కిలోలు, దాణా 5 కిలోలు. దాణా లెక్క ఇలా వేయాలి: దాని ఒంటి పోషణకి ఒక కిలో, గేదె అయితే ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకి ఒక కిలో. ఎనిమిది లీటర్లకి నాలుగు, మొత్తం ఐదు. మూడింటి ఎండు పదార్థం కలిపితే 13 కిలోలు దాటుతుంది, మనకి కావాల్సింది అంతే. సంకరజాతి ఆవుకైతే ఒంటికి కిలో నుంచి కిలోన్నర, ఆపైన రెండున్నర మూడు లీటర్లకి ఒక కిలో, ఎందుకంటే ఆవు పాలలో వెన్న తక్కువ, అదే లీటరు పాలు తయారవడానికి గేదెకంటే తక్కువ మేత పడుతుంది. పది లీటర్లిచ్చే ఆవుకి సుమారు ఐదు, ఐదున్నర కిలోలు.

దీన్నిబట్టే చూడండి, నాలుగు లీటర్లిచ్చే గేదెకి మూడు కిలోలు చాలు, పది లీటర్లిచ్చేదానికి ఆరు కావాలి. రెండిటికీ నాలుగున్నర చొప్పున పంచితే మొదటిది కొవ్వు పడుతుంది, రెండోది తన ఒంట్లోది కరిగించి పాలివ్వడం మొదలుపెట్టి చిక్కిపోయి ఎదకి రాదు. ఎదకి రావడం లేదని ఇంజెక్షన్లు వేయించేముందు చాలా ఇళ్ళలో చూసుకోవాల్సింది ఈ పంపకాన్నే.

మీరు వాడే డబ్బాని ఒకసారి తూకం వేయండి. అదే డబ్బాడు తవుడు, అదే డబ్బాడు చెక్కపొడి, అదే డబ్బాడు పెల్లెట్ దాణా తూకంలో ఒకటి కావు. డబ్బా మీద కిలో గీత ఎక్కడ పడుతుందో పెయింట్‌తో గీసి పెట్టుకోండి. దాణా రకం మారినప్పుడల్లా గీత మార్చండి. ఇంట్లో ఎవరు వేసినా ఒకే లెక్క పడుతుంది.

పచ్చగడ్డి, అసలు బలం ఇక్కడే

వాములో గడ్డి ఉంది, బజార్లో దాణా ఉంది, పచ్చగడ్డి ఎందుకు అనేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. వరిగడ్డిలో ప్రొటీన్ నూటికి మూడు నాలుగు వంతులే ఉంటుంది, విటమిన్ ఎ దాదాపు ఉండదు, పైగా అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. వరిగడ్డి కడుపు నింపుతుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు. ఆ లోటంతా దాణాతో పూడ్చాలంటే పాల డబ్బు మొత్తం దాణా కొట్టుకే పోతుంది.

నీళ్ళూ ఎరువూ ఉంటే అర ఎకరం నేపియర్, పావు ఎకరం పప్పుజాతి గడ్డి నాలుగైదు పశువులకి సరిపోతాయి. నేపియర్‌లో కో-4, కో-5, ఏపీబీఎన్-1, సూపర్ నేపియర్ ఇలా చాలా ఉన్నాయి. రకం మీద వాదించుకునే బదులు కోత వయసు మీద దృష్టి పెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెండు కణుపుల ముక్కలు నాటితే మొదటి కోత 70, 75 రోజులకి వస్తుంది, తర్వాత ప్రతి 45 రోజులకి. అరవై దాటితే కాడ ముదిరి కర్రలా తయారవుతుంది, ప్రొటీన్ పడిపోతుంది, పశువు ఆకు తిని కాడ గాటిలో వదిలేస్తుంది. మరీ లేతగా, నెల లోపు కోస్తే అంతా నీళ్ళే, ఆక్సలేట్లు కూడా ఎక్కువ.

45 రోజుల గడ్డే రోజూ దొరకాలంటే అర ఎకరాన్ని 45 చాళ్ళుగా విడగొట్టుకోండి, ఒక్కోటి సుమారు సెంటు పైచిలుకు వస్తుంది. రోజుకో చాలు కోయండి. ఆఖరి చాలు కోసేసరికి మొదటిది మళ్ళీ కోతకి వచ్చి ఉంటుంది. కోసిన చాలుకి ఆ రోజో మర్నాడో పేడ ఎరువో కాస్త యూరియానో వేసి నీళ్ళు పెట్టేయాలి. నేలకి మూడు నాలుగు అంగుళాలు వదిలి కోయండి, మరీ మొదలంటా కోస్తే దుబ్బు చచ్చిపోతుంది. ఈ పద్ధతి పెట్టుకోకపోతే ఒక వారం గడ్డి ముదిరిపోతుంది, ఇంకో వారం అసలు ఉండదు, పశువు కడుపేమో రోజూ ఒకేలా అడుగుతుంది.

నేపియర్ ఒక్కటే సరిపోదు, దానికి తోడు ప్రొటీన్ ఉండే పప్పుజాతి మేత కావాలి. దశరథ గడ్డి నాకు అన్నిటికంటే ఇష్టం. ఒకసారి వేస్తే ఏళ్ళతరబడి ఉంటుంది, మొదటి కోతకి మూడు నెలలు ఆగితే తర్వాత ప్రతి 35, 40 రోజులకి కోసుకోవచ్చు. డెల్టాలో వరి కోతల తర్వాత మాగాణిలో చల్లే పిల్లిపెసర, జనుము కూడా మంచివే. అలసంద, లూసర్న్, గట్ల మీద అవిసె, సుబాబుల్ ఏది కుదిరితే అది. సుబాబుల్‌లో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది కాబట్టి పచ్చమేతలో మూడో వంతు దాటనివ్వకండి. ఆరు నుంచి ఎనిమిది కిలోల పప్పుజాతి పచ్చమేత ప్రొటీన్ విషయంలో కిలో దాణాతో సమానం, అదే నేపియర్ లాంటి గడ్డి అయితే 20 కిలోలు కావాలి. పావు ఎకరం దశరథ గడ్డి దాణా ఖర్చు ఎంత తగ్గిస్తుందో మీరే లెక్క వేసుకోండి.

పప్పుజాతి మేతని మంచు తడితో పరగడుపున ఎక్కువ వేయొద్దు, కడుపు ఉబ్బుతుంది. ముందు కాస్త వరిగడ్డి వేసి, పచ్చమేతని కోసి కొంచెం వాడనిచ్చి, నేపియర్‌తో కలిపి వేయండి.

కత్తిరించే మిషన్ ఉంటే అంగుళం, అంగుళంన్నర ముక్కలు చేయండి, వృథా బాగా తగ్గుతుంది. అలాగని పొడిపొడిగా చేయకూడదు. ముక్క మరీ చిన్నదైతే పశువు సరిగ్గా నెమరు వేయదు, లాలాజలం ఊరదు, వెన్న శాతం పడిపోతుంది. పాల కేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం) తక్కువ వస్తోందంటే చాలామంది దాణాని అనుమానిస్తారు, దాణా ఎక్కువై గడ్డి తక్కువైనప్పుడు కూడా ఫ్యాట్ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి.

వరిగడ్డికి యూరియా

వరిగడ్డి తప్పనిసరి అయినప్పుడు దాన్ని కాస్త మంచి మేతగా మార్చుకునే పద్ధతి ఇది. ఎన్నో ఏళ్ళ నుంచి చెబుతున్నా మన దగ్గర చేసేవాళ్ళు తక్కువ, నిజానికి కష్టమేమీ లేదు. వంద కిలోల ఎండిన గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరగాలి. టార్పాలిన్ మీద గడ్డి పలచగా పరిచి, పూలమొక్కలకి నీళ్ళు పోసే క్యాన్‌తో సమంగా చల్లి, తొక్కి, మళ్ళీ ఒక పొర పరిచి, చల్లి, తొక్కి అలా పేర్చుకుంటూ పోవాలి. చివరికి గాలి దూరకుండా టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వేయండి. 21 రోజులు ముట్టుకోవద్దు. తీసేటప్పుడు గడ్డి ముదురు పసుపు రంగుకి మారి ఘాటుగా కళ్ళు మండే వాసన వస్తుంది. ఏ పూటకి కావాల్సింది ఆ పూట తీసి, గంటసేపు ఆరబెట్టి ఘాటు పోయాక వేయాలి. మొదటి రోజుల్లో ఒక కిలో మామూలు గడ్డిలో కలిపి అలవాటు చేసి మెల్లగా పెంచండి. ప్రొటీన్ ఏడెనిమిది శాతానికి చేరుతుంది, గడ్డి మెత్తబడి పశువు ఎక్కువ తింటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం ప్రాణాలకి సంబంధించినవి. ఆరు నెలల లోపు దూడలకి ఇది పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ళ బక్కెట్టు పశువుకి అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు, తాగితే నిమిషాల్లో విషం ఎక్కుతుంది. నేరుగా గాటిలో యూరియా చల్లడం, దాణాలో కలపడం లాంటి ప్రయోగాలు అసలే వద్దు.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు

బజారు పెల్లెట్ దాణా కొంటే సంచి మీద ప్రొటీన్, కొవ్వు, పీచు శాతాలు చూడండి, పాలిచ్చేవాటికి ప్రొటీన్ 20 అటూ ఇటూ ఉంటే మంచిది. ఇంట్లో కలుపుకునేవాళ్ళకి వంద కిలోలకి నేను చెప్పే కలయిక: మొక్కజొన్న నూక 30, వేరుశనగ చెక్క 15, పత్తిగింజల చెక్క 15, నూనె తీసిన తవుడు 20, కంది లేదా పెసర చునీ (పప్పు ఆడించాక మిగిలే పొట్టు, నూక) 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ఇందులో ప్రొటీన్ 18 శాతం దాకా వస్తుంది. ఒకటి దొరక్కపోతే అదే కోవలోది వేసుకోవచ్చు, చెక్క బదులు చెక్క, గింజ బదులు గింజ. చెక్క బదులు తవుడు వేస్తే మాత్రం లెక్క చెడుతుంది.

ఏ చెక్క కొనాలో కిలో ధర చూసి నిర్ణయించకండి. అనుకోండి, ఒక చెక్క కిలో 40 రూపాయలు, అందులో ప్రొటీన్ 40 శాతం, అంటే కిలో ప్రొటీన్ 100 రూపాయలకి వచ్చినట్టు. ఇంకోటి కిలో 30 రూపాయలే, ప్రొటీన్ 22 శాతం, అక్కడ కిలో ప్రొటీన్ 136 పడుతుంది. చవకగా కనపడ్డదే ఖరీదైంది. ప్రతి సీజన్లో ధరలు మారతాయి కాబట్టి కొనే ముందు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి.

వేరుశనగ చెక్క ముక్కని విరిచి చూడండి. లోపల ఆకుపచ్చగానో నల్లగానో బూజు ఉన్నా, ముక్కిన వాసన వచ్చినా వెనక్కి ఇచ్చేయండి. ఆ బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ పశువు కాలేయాన్ని పాడుచేస్తుంది, పాలలోకి కూడా దిగుతుంది, కాచినా పోదు. ఆ పాలు తాగేది మన పిల్లలే. పాలలో ఈ విషానికి మన దేశంలో ఉన్న పరిమితి కిలోకి 0.5 మైక్రోగ్రాములు, అంత తక్కువ మోతాదుని కూడా ప్రమాదంగానే లెక్కేస్తారు. దాణా బస్తాలని నేలమీద, గోడకి ఆనించి పెట్టకుండా చెక్కల మీద పెట్టండి, వానాకాలంలో నెలకి సరిపడా కంటే ఎక్కువ నిల్వ వద్దు.

ముడి తవుడు కొనేటప్పుడు గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య రుద్దండి. గరగరా గుచ్చుకుంటే అందులో ఊక కలిసింది. నీళ్ళలో వేసి చూసినా ఊక పైకి తేలుతుంది. ముడి తవుడులో నూనె ఎక్కువ, త్వరగా ముక్కిపోతుంది, అందుకే కొన్నదాన్ని కొన్నట్టు వాడేయాలి.

ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపనివాళ్ళు విడిగా రోజుకి 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు వేయండి. పశువు గోడలు నాకుతున్నా, గుడ్డలూ ప్లాస్టిక్ కవర్లూ నములుతున్నా లవణాల లోపమో, పొట్టలో పురుగులో ఉండే అవకాశం ఎక్కువ. వరిగడ్డి మీదే బతికే గేదెలు ఈనిన కొన్ని వారాలకి ఎర్రగా, కాఫీ రంగులో మూత్రం పోయడం చూస్తుంటాం, దానికి ఫాస్ఫరస్ లోపం ఒక ముఖ్య కారణం, ఆలస్యం చేస్తే గేదె దక్కదు.

దాణా రోజుకి రెండు పూటలుగా, పాలు తీసే వేళకి పెట్టండి, ఒకేసారి మూడు కిలోలు దాటకుండా. ఎక్కువ పాలిచ్చేదానికి మూడో పూట పెట్టుకోవచ్చు. పరగడుపున దాణా వేయకండి, ముందు కాసేపు గడ్డి తిననివ్వండి. పిండి దాణా అరగంట నానబెడితే చాలు. ఎండాకాలంలో రాత్రంతా నానబెట్టి పులిసిపోయినది పెట్టొద్దు. కుడితి అలవాటు చెడ్డది కాదు, ఏ పూటది ఆ పూట పోయండి, కుడితి తాగింది కదా అని మంచినీళ్ళు తగ్గించకండి.

ఏ మేత మార్చినా వారం, పది రోజులు పట్టాలి. కడుపులో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులకి కొత్త మేత అలవాటు కావడానికి అంత సమయం కావాలి. నిన్నటిదాకా పిండి దాణా, ఇవాళ్టి నుంచి పెల్లెట్ అంటే పాలు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, తప్పు కొత్త దాణాది అనుకుంటాం.

నీళ్ళ మీద నాచులా పెరిగే అజొల్లా గురించి చాలామంది అడుగుతారు. రోజుకి కిలో, కిలోన్నర బాగా కడిగి దాణాలో కలిపి పెట్టండి, మంచిదే. కానీ అందులో నూటికి 90 వంతులకి పైగా నీళ్ళే, దాన్ని నమ్ముకుని దాణా సగానికి సగం తగ్గించేస్తే పాలు తగ్గిపోతాయి. బైపాస్ ఫ్యాట్ (మొదటి పొట్టలో కరగకుండా దాటిపోయి పేగుల్లో జీర్ణమయ్యే కొవ్వు) లాంటివి రోజుకి పన్నెండు లీటర్లు దాటేవాటికి ఈనిన కొత్తలో అవసరం పడొచ్చు, మామూలు గేదెకి ఆ డబ్బుతో పచ్చగడ్డి పెంచుకోండి.

చూడి నుంచి ఈనేదాకా

ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపేయాలి. వట్టిపోయింది కదా అని మూలన కట్టేసి వరిగడ్డి మాత్రమే వేసే అలవాటు మన ఊళ్ళలో ఎక్కువ, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది ఆ ఆఖరి రెండు మూడు నెలల్లోనే. ఏడో నెల నుంచి ఒంటి పోషణకి వేసే దాణాకి తోడు ఇంకో కిలో, కిలోన్నర వేయండి. ఈనే ముందు రెండు వారాలు, ఈనిన తర్వాత తినబోయే దాణానే మెల్లగా అలవాటు చేయండి. ఈ సమయంలో కాల్షియం ద్రావణాలు సీసాలు సీసాలు పట్టకండి. బయటి నుంచి ఎక్కువ అందితే ఎముకల్లోని కాల్షియాన్ని వాడుకునే పనిలో ఒళ్ళు మందగిస్తుంది, ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయేసరికి పాలజ్వరం వస్తుంది. పశువు మెడ పక్కకి తిప్పి పొట్టకి ఆనించి పడుకుని, చెవులు చల్లబడి, లేవలేకపోతుంటే అదే. డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు గంటల్లోనే లేచి నిలబడుతుంది.

ఈనిన తర్వాత దాణా రోజుకి అరకిలో చొప్పున పెంచుకుంటూ పోండి. పాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకి గరిష్ఠానికి చేరతాయి, ఆకలి మాత్రం దానికంటే ఆలస్యంగా పెరుగుతుంది, అందుకే ఆ మధ్యలో పశువు చిక్కుతుంది. అప్పుడు మేలైన పచ్చమేత, మొక్కజొన్న లాంటివి దగ్గర ఉండాలి. అరకిలో పెంచి వారం చూడండి, పెరిగిన పాల డబ్బు ఆ అరకిలో ఖర్చుకంటే ఎక్కువుంటే మళ్ళీ పెంచండి, లేదంటే అక్కడ ఆపండి.

డెల్టాలో కాలవ గట్ల మీద, పొలాల్లో నీటి నత్తలుండే చోట మేసే గేదెలకి కార్జపు జలగలు పడతాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంటే అనుమానించాలి. పొట్టలో పరాన్నజీవులుండగా ఎంత మంచి దాణా వేసినా సగం వాటికే. పేడ పరీక్ష చేయించి, చూడి నెలలు చెప్పి మందు రాయించుకోండి.

దూడకి దక్కాల్సింది

పుట్టిన గంటలోపు జున్నుపాలు పట్టాలి, మొదటి రోజంతా కలిపి దూడ బరువులో పదో వంతు. 30 కిలోల దూడకి మూడు లీటర్లు, నాలుగైదు విడతలుగా. మొదటి గంటల్లో పేగు జున్నుపాలలోని రోగనిరోధక శక్తిని నేరుగా పీల్చుకుంటుంది, రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. జున్ను ఇరుగుపొరుగుకి పంచడం మన మర్యాదే, దూడ కడుపు నిండాక మిగిలింది పంచండి. గేదె దూడలకి తల్లి నుంచే ఏలికపాములు వస్తాయి, పది పదిహేను రోజుల వయసులో మొదటి నట్టల మందు వేయించకపోతే తెల్లటి విరేచనాలతో చచ్చిపోయే దూడలు ఎన్నో. రెండో వారం నుంచి గుప్పెడు దూడల దాణా, లేత ఎండుగడ్డి ముందు పెట్టండి, ముద్దుగా వాసన చూసి నమలడం నేర్చుకుంటాయి. పత్తిగింజల చెక్క దూడలకి వద్దు.

ఎండాకాలానికి పాతర గడ్డి, నీళ్ళు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలవలు కట్టేస్తారు, గడ్డి ఉండదు. రబీ మొక్కజొన్నని గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో చెట్టుతో సహా కోసి అంగుళం లోపు ముక్కలు చేసి పాతర వేసుకుంటే ఆ మూడు నెలలూ గట్టెక్కుతాం. ముక్కల్ని గుప్పిట్లో గట్టిగా పిసికి వదలండి. నీళ్ళు కారితే ఇంకా పచ్చి, ముద్ద వెంటనే విచ్చిపోతే ఎండిపోయింది, ముద్ద మెల్లగా విచ్చుకుంటూ అరచేయి కాస్త తడిగా ఉంటే సరైన సమయం. నాలుగు పశువులకి రోజుకి 15 కిలోల చొప్పున 90 రోజులకి 5,400 కిలోలు, వృథా కలిపితే ఆరు టన్నుల పైన. ఘనమీటరుకి 500 కిలోలకి పైగా పడుతుంది కాబట్టి పన్నెండు ఘనమీటర్ల గుంట సరిపోతుంది. అడుగు మందం పొర వేసి తొక్కడం, మళ్ళీ వేసి తొక్కడం, గాలి ఎంత తక్కువ మిగిలితే గడ్డి అంత బాగా మాగుతుంది. 45 రోజుల తర్వాత తెరవండి. పుల్లటి పండు వాసన, లేత గోధుమ పసుపు రంగు ఉంటే బాగున్నట్టు. నల్లబడి కుళ్ళు వాసన వచ్చిన చోటు తీసి పారేయాల్సిందే.

నీళ్ళు పాలిచ్చే పశువుకి రోజుకి 60 నుంచి 80 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ. రెండు పూటలా తొట్టి దగ్గరికి తీసుకెళ్ళడం కాదు, దాహం వేసినప్పుడల్లా అందేలా పెట్టండి, తొట్టి నీడలో ఉండాలి. ఎండల్లో మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక వేయండి.

రోజూ చూడాల్సినవి

పేడ చూడండి. మరీ గట్టిగా పిడకల్లా పడితే నీళ్ళో పచ్చమేతో తక్కువ, పల్చగా చిమ్మితే దాణా ఎక్కువ, గింజలు గింజల్లాగే కనిపిస్తే నూక ఇంకా మెత్తగా ఆడించాలి. మధ్యాహ్నం పడుకుని ఉన్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. గాటిలో పొద్దున్నకి కాస్త గడ్డి మిగలాలి, నాకేసినట్టు ఖాళీగా ఉంటే రాత్రి ఆకలితో ఉన్నట్టే. ఏ పశువు ఏ పూట ఎన్ని పాలిచ్చిందో, ఎన్ని కిలోల దాణా తిన్నదో ఒక పుస్తకంలో రాయండి, పది రోజులకోసారి దాణా సర్దడానికి ఆధారం అదే.

వెంటనే డాక్టరుని పిలవాల్సినవి

పెళ్ళిళ్ళలో, అన్నదానాల్లో మిగిలిన అన్నం ప్రేమతో పశువులకి కుమ్మరిస్తారు. దయచేసి వద్దు. అన్నం, పిండి ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో యాసిడ్ పెరిగి, పశువు మేత మానేసి, పళ్ళు కొరుకుతూ, తూలి పడిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. తాడు తెంచుకుని గింజల బస్తాల దగ్గరికి పోయి తిన్నా అదే ప్రమాదం. లక్షణాలు కనిపించేదాకా ఆగకండి, తిన్నదని తెలియగానే ఫోన్ చేయండి.

వానల్లేక వడలిన లేత జొన్న, కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకలు, మన పెద్దలు నాము అనేది, అందులో సైనైడ్ ఉంటుంది. పూత రాకముందు జొన్న పచ్చిగా మేపకండి, కోసిన జొన్న చేలోకి వానలు పడ్డ కొత్తలో పశువుల్ని వదలకండి. తిన్న కొద్దిసేపటికే ఆయాసం, వణుకు, నురగ. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది గానీ నిమిషాల మీద పని.

ఎడమవైపు డొక్క డప్పులా ఉబ్బి పశువు ఊపిరి అందక కాళ్ళు కొట్టుకుంటుంటే కడుపుబ్బరం. ముందుకాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి, పడుకోనివ్వకుండా మెల్లగా నడిపిస్తూ డాక్టరుకి ఫోన్ చేయండి. నూనె తాగించమని చెబితే తల మరీ పైకెత్తకుండా, కొద్దికొద్దిగా పోయండి, గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సంచార పశువైద్య వాహనం కోసం రెండు రాష్ట్రాల్లోనూ నంబరు 1962, పాక గోడ మీద పెద్ద అంకెల్లో రాసి పెట్టండి, దాని కిందే మీ ఊరి పశువైద్యుడి నంబరు కూడా.